ఆస్ట్రేలియాకు ఇంటి సామాను పంపేవాళ్ళు ముందు వంటింటి డబ్బాలు చూసుకోవాలి

మీరు అడిగింది ఇదీ: కూకట్‌పల్లి ఫ్లాట్ ఖాళీ చేసి, పీఆర్ (శాశ్వత నివాస వీసా) మీద కుటుంబమంతా మెల్‌బోర్న్ వచ్చేస్తున్నారు. ఇరవై అడుగుల కంటైనర్ మాట్లాడుకోవాలా, కొంచెమే పంపుకుంటే చాలా? కస్టమ్స్ వాళ్ళు డ్యూటీ ఎంత వేస్తారు? అత్తగారు ఏడాదికి సరిపడా పప్పులు, ఎండుమిర్చి, పూజ మందిరం కూడా పంపమంటున్నారు, పంపొచ్చా? నేను మెల్‌బోర్న్‌లో ఇలా వచ్చే సామాను విడిపించే పనిలోనే ఉన్నాను కాబట్టి కొంచెం వివరంగానే రాస్తున్నాను.

ముందు డ్యూటీ సంగతి తేల్చేద్దాం, అది చిన్నది. మీతో పాటు విమానంలో కాకుండా విడిగా ఓడలోనో కార్గోలోనో వచ్చే సొంత సామానుని ఇక్కడ అన్‌అకంపెనీడ్ పర్సనల్ ఎఫెక్ట్స్ అంటారు. దానికి ఆస్ట్రేలియన్ బోర్డర్ ఫోర్స్, అంటే ఇక్కడి కస్టమ్స్ వాళ్ళ బీ534 అనే ఫారం ఉంది. వస్తువు మీ సొంతమై, ఇక్కడికి బయల్దేరే ముందు కనీసం 12 నెలలు మీరు అక్కడ వాడి ఉంటే దాని మీద డ్యూటీ గానీ జీఎస్టీ గానీ ఉండదు. మంచాలు, గిన్నెలు, పుస్తకాలు, పాత మిక్సీ అన్నీ ఇందులోకి వచ్చేస్తాయి. కార్లు, బైకులు, మద్యం, సిగరెట్లు, అమ్మకానికి తెచ్చే సరుకు రావు.

మనవాళ్ళు ఇరుక్కునేది ప్రయాణానికి ముందు చేసే షాపింగ్ దగ్గర. అక్కడ అన్నీ ఖరీదట అని ఎవరో చెప్తారు. కొత్త టీవీ, కొత్త గ్రైండర్, అట్టపెట్టె కూడా విప్పని డిన్నర్ సెట్టు కొని కంటైనర్‌లో పెట్టేస్తారు. వాటికి పన్నెండు నెలల మినహాయింపు వర్తించదు. వెయ్యి డాలర్ల వస్తువు, దానికి 5 శాతం డ్యూటీ అనుకోండి, 50 డాలర్లు. ఆ తర్వాత వస్తువు విలువ, డ్యూటీ, రవాణా, ఇన్సూరెన్స్ అన్నీ కలిపిన మొత్తం మీద 10 శాతం జీఎస్టీ. రవాణా, ఇన్సూరెన్స్ వాటా 150 అయితే 1,200 మీద 120. మొత్తం 170 డాలర్లు. ప్రాణం పోయేంత డబ్బు కాదు. కానీ అదే వస్తువు ఇక్కడ గ్యారంటీతో దొరుకుతున్నప్పుడు ఎందుకీ తంటా? ఏడాదిలోపు కొన్నవి పంపక తప్పదంటే బిల్లులు దాచుకోండి. బిల్లు లేకపోతే విలువ ఎలా కట్టారని అడుగుతారు, అప్పుడు వాదించడానికి మీ దగ్గర ఏమీ ఉండదు.

ఇంకో అపోహ కూడా వింటుంటాను. పెద్దవాళ్ళకి తలా 900 డాలర్లు, పిల్లలకి 450 డాలర్ల మినహాయింపు ఉంది కదా, అది కంటైనర్‌కి కూడా వాడుకోవచ్చు కదా అని. వాడుకోలేరు. అది మీతో పాటు విమానంలో వచ్చే సామానుకే. కొత్త బట్టలు కూడా సూట్‌కేసులోనే తెచ్చుకోండి, వెంట తెచ్చుకునే బట్టలకి డ్యూటీ గొడవ ఉండదు.

ఇక అసలు విషయానికి వస్తాను. ఆస్ట్రేలియాలో సామాను ఆగిపోయేది ఎక్కువగా డ్యూటీ వల్ల కాదు, బయోసెక్యూరిటీ వల్ల, అంటే బయటి పురుగులు, తెగుళ్ళు దేశంలోకి రాకుండా చేసే తనిఖీ వల్ల. చాలామంది ఇప్పటికీ క్వారంటైన్ అనే అంటారు. దీన్ని చూసేది వ్యవసాయ శాఖ, 2015 నాటి బయోసెక్యూరిటీ చట్టం కింద. బోర్డర్ ఫోర్స్ సరేనన్నా వీళ్ళు సరే అనేదాకా మీ పెట్టె బయటికి రాదు.

మన సామానుకీ వీళ్ళకీ మధ్య పేచీ పెట్టేది ముఖ్యంగా ఒక చిన్న పురుగు, ఖప్రా బీటిల్. రెండు మూడు మిల్లీమీటర్ల గోధుమరంగు పురుగు, పుట్టిల్లు మన ఉపఖండమే అంటారు. నిల్వ ధాన్యాన్ని తినేస్తుంది. దీని లార్వా తిండి లేకుండా ఏళ్ళ తరబడి పగుళ్ళలో, మడతల్లో, కంటైనర్ చెక్కల సందుల్లో పడి ఉండగలదు. మామూలు మందులకి సులభంగా చావదు. ఆస్ట్రేలియా గోధుమలు అమ్ముకునే దేశం. ఇక్కడ ఈ పురుగు స్థిరపడితే కొనే దేశాలు వెనక్కి తగ్గుతాయి. 2007లో పెర్త్‌లో స్కాట్లాండ్ నుంచి వలస వచ్చిన ఒక కుటుంబం సామానులో ఇది బయటపడితే ఆ ఇంటి మొత్తానికి ఫ్యూమిగేషన్ చేయాల్సి, అంటే మందు వాయువు పట్టించాల్సి వచ్చింది. 2020లో కాన్‌బెర్రాలో దిగుమతైన ఫ్రిజ్ ప్యాకింగ్‌లో కూడా దొరికింది. అందుకే ఇన్‌స్పెక్టర్లు మన వంటింటి పెట్టెల్ని అంత పట్టిపట్టి చూస్తారు.

ఆ 2020లోనే నిబంధనలు బిగించారు. సెప్టెంబరు నుంచి విడిగా వచ్చే ఇంటి సామానులో, అక్టోబరు నుంచి ప్రయాణికుల బ్యాగుల్లో, పోస్టులో కూడా కొన్ని గింజలు పూర్తిగా ఆపేశారు. ఆ జాబితా చదివితే మన కిరాణా చీటీ చదివినట్టే ఉంటుంది: బియ్యం, గోధుమలు, శనగలు, పెసలు, కందులు, బొబ్బర్లు, మసూర్, సోయా, బఠానీలు, వేరుశనగలు, ధనియాలు, జీలకర్ర, సోంపు, ఎండుమిర్చి, గుమ్మడి జాతి గింజలు. సీలు వేసిన కంపెనీ ప్యాకెట్టే కదా అన్నా పచ్చి గింజలకి ఒప్పుకోరు. గుంటూరు మిర్చి అయినా, పొలం నుంచి వచ్చిన కందిపప్పు అయినా అంతే. కాబట్టి అత్తగారికి ఇది మీ మాటగా కాక ప్రభుత్వం మాటగా చెప్పండి, నొచ్చుకోరు. మెల్‌బోర్న్ శివార్లలో టార్నీట్, పాయింట్ కుక్, ట్రుగనీనా ఏ వైపు ఇల్లు తీసుకున్నా ఇండియన్ షాపులు దగ్గర్లోనే ఉంటాయి. కందిపప్పుకి లోటు లేదు.

పప్పులు పంపకపోతే సరిపోతుందని అనుకోవద్దు. పప్పులు ఉన్న చోటు కూడా చూస్తారు. డబ్బా అంచు కింద ఇరుక్కున్న నాలుగు బియ్యపు గింజలు, జల్లెడ తీగల మధ్య పిండి, వెదురు చేట అల్లికలో దూరిన గింజలు, ఇవన్నీ వాళ్ళ కంట్లో పడతాయి. చేటని ఇక్కడికి తేవాలన్న ఆలోచన మానుకోండి. కొన్ని ఊళ్ళలో చేటల్ని పేడతో అలుకుతారు కూడా, అది ఇంకా పెద్ద తప్పవుతుంది. స్టీలు డబ్బాలు వేడినీళ్ళతో కడిగి, ఎండలో పూర్తిగా ఆరబెట్టి, మూతలు విడిగా పెట్టి సర్దండి. గ్రైండర్ రాళ్ళ కింద, మిక్సీ బ్లేడు కింది రబ్బరు దగ్గర పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. వంటింటి సామాను ఎప్పుడూ బట్టలతో, పరుపులతో ఒకే పెట్టెలో పెట్టొద్దు. ఒక పెట్టెలో పురుగు అనుమానం వస్తే ఆ పెట్టెలో ఉన్నదంతా దానితో పాటే ట్రీట్‌మెంట్‌కి పోతుంది.

ఎవరూ ఊహించని పెట్టె ఇంకోటి ఉంటుంది, పెళ్ళి పట్టుచీరల పెట్టె. చీర మడతల్లో తలంబ్రాల బియ్యం, కొంగుముడిలో పసుపు కొమ్ము, ఆల్బమ్ కవర్లో ఆశీర్వాదం అక్షింతలు. ఒక కుటుంబం సామాను ఇలాగే నిలిచిపోవడం దగ్గరుండి చూశాను. మొత్తం కలిపితే గుప్పెడు బియ్యం కూడా లేవు, కానీ చీరలన్నీ ఒక్కొక్కటిగా విప్పించి దులిపించారు, ఆ సమయానికి ఫీజు కట్టాల్సి వచ్చింది. ఇన్‌స్పెక్షన్ ఫీజు పావుగంటల లెక్కన పడుతుంది. కాబట్టి చీరలు, పంచెలు, పాత హ్యాండ్‌బ్యాగులు, పిల్లల స్కూలు బ్యాగులు అన్నీ అక్కడే ఒకసారి దులిపి మడత పెట్టండి.

పూజ సామాను విషయానికి వస్తే ఇత్తడి కుందులు, వెండి పళ్ళేలు, రాతి విగ్రహాలు, పటాలకి ఏ ఇబ్బందీ ఉండదు, శుభ్రంగా ఉంటే చాలు. గృహప్రవేశానికని కట్టిచ్చే నవధాన్యాల మూట, కలశం మీది కొబ్బరికాయ, పిడకలు, గోమూత్రం, పుట్టమన్ను, ఏ తీర్థం నుంచి తెచ్చిన మట్టయినా సరే, తేవద్దు. నెమలి ఈకలు, రుద్రాక్షలు లాంటివి ఉంటే జాబితాలో రాయండి, చూసి వాళ్ళే చెప్తారు. రాయకుండా దొరికితే మాత్రం వాళ్ళ ధోరణి మారిపోతుంది. పాలకోవా, కలాకంద్ లాంటి పాల స్వీట్లు, కోడి, మటన్ పచ్చళ్ళు సూట్‌కేసులో కూడా వద్దు. ఆవకాయని ఓడలో పంపడం ఎలాగూ తెలివైన పని కాదు, దారిలో నూనె కారితే చుట్టుపక్కల పెట్టెలవాళ్ళు కూడా మిమ్మల్ని తిట్టుకుంటారు.

కర్ర సామానులో బెరడు ఉండకూడదు, పురుగు తొలిచిన రంధ్రాలు ఉండకూడదు. పాత రోకలి, తిరగలి పిడి, వెదురు బుట్టలు ఒకసారి తిప్పి చూడండి. కింద పొడి రాలుతోందంటే లోపల పురుగు ఉన్నట్టే. కొబ్బరి ఈనెల చీపురు, గడ్డి చీపురు వదిలేయండి. క్రికెట్ షూల స్పైకుల్లో మట్టి, సైకిల్ టైర్ల గాళ్ళలో మట్టి, పూల కుండీల దగ్గర వాడిన పారలు, ఇవి కూడా వాళ్ళకి ముఖ్యమే. మీరు బయల్దేరే ముందు ఊరికెళ్ళి గేదెల కొట్టంలో తిరిగితే ఆ చెప్పులు అక్కడే వదిలేయండి. విమానంలో ఇచ్చే కార్డులో గత 30 రోజుల్లో పొలాలు, పశువుల దగ్గరికి వెళ్ళారా అని అడుగుతారు, ఉన్నది ఉన్నట్టు రాయండి. అవునని రాసినవాళ్ళకి జరిమానా వేయరు. ఉన్నా లేదని రాసినవాళ్ళకే వేస్తారు.

ప్యాకింగ్ అట్టపెట్టెల మీద కూడా కన్ను ఉంటుంది. యాపిల్ పెట్టెలు, మామిడి పెట్టెలు, గుడ్ల ట్రేలు, గోనెసంచులు, ఎండుగడ్డి వాడొద్దు. కొత్త అట్టపెట్టెలు, కాగితం, బబుల్ ర్యాప్ చాలు. కర్ర పెట్టె చేయిస్తే దాని మీద ఐఎస్‌పీఎం 15 ముద్ర ఉండాలి, అంటే ఆ కర్రకి పురుగు పట్టకుండా ట్రీట్‌మెంట్ చేసినట్టు గుర్తు.

ఇంత చెప్పాక నేను గట్టిగా పట్టుబట్టేది ప్యాకింగ్ లిస్ట్ గురించే. మూవర్స్ కుర్రాళ్ళు పెట్టె మీద ‘కిచెన్ ఐటమ్స్’, ‘మిసలేనియస్’ అని రాసి పడేస్తారు. ఇక్కడ ఇన్‌స్పెక్టర్‌కి ఆ మాట కనిపిస్తే ముందు ఆ పెట్టే విప్పుతారు. ‘పెట్టె 14: స్టీలు గిన్నెలు, వాడినవి, ప్రెషర్ కుక్కర్, మిక్సీ, 2021లో కొన్నది’ అన్నట్టు ఉంటే వాళ్ళకి పని సులువు, మీకు ఖర్చు తక్కువ. కర్ర, వెదురు, తోలు, ఈకలు, గవ్వలు ఉన్న పెట్టెలకి వేరే గుర్తు పెట్టి, అవి చివర సర్దించండి. అప్పుడు తలుపు తీయగానే అవే ముందుంటాయి, లోపలున్న సామానంతా దించక్కర్లేదు. సర్దేటప్పుడు ఇంట్లో ఒకరు నోట్‌బుక్ పట్టుకుని పక్కనే కూర్చోవాలి. ఇది కుర్రాళ్ళకి వదిలేసే పని కాదు. ఆ లిస్టు, బీ534 ఫారం, పాస్‌పోర్టు, వీసా కాపీలు, ఓడ కంపెనీ ఇచ్చే బిల్ ఆఫ్ లేడింగ్, ఏడాదిలోపు వస్తువుల బిల్లులు, ఇవే కావలసిన కాగితాలు. వీటిని మీరే పంపి మీ సామాను మీరే విడిపించుకోవచ్చు, బ్రోకర్ తప్పనిసరి కాదు. నా బతుకుతెరువు ఇదే అయినా చెప్తున్నాను.

ఇక ఎంత పంపాలన్నది. ఇరవై అడుగుల కంటైనర్‌లో సుమారు 33 ఘనపు మీటర్ల చోటు ఉంటుంది. రెండు బెడ్‌రూమ్‌ల ఫ్లాట్ మొత్తం సర్దినా అది నిండదు. ఆస్తిలా చూసుకునే టేకు సామాను ఉంటే తప్ప నేను కంటైనర్ వద్దనే అంటాను. సోఫాలు, పరుపులు, బీరువా అక్కడే ఇచ్చేయండి. నలుగురి సామానూ కలిపి పంపే ఎల్‌సీఎల్ పద్ధతిలో మూడు నాలుగు ఘనపు మీటర్లు పంపుకోండి. ఘనపు మీటరంటే పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ మీటరు చొప్పున ఉన్న చోటు. పుస్తకాలు, పట్టుచీరలు, గ్రైండర్, ఇత్తడి సామాను, పిల్లల జ్ఞాపకాలు ఇందులో సులభంగా పడతాయి. ఇక్కడా 230 వోల్టుల కరెంటే కాబట్టి గ్రైండరూ మిక్సీ ప్లగ్గు మార్చుకుంటే నడుస్తాయి. అమెరికా వెళ్ళేవాళ్ళకి ఈ సౌకర్యం లేదు. పిల్లల కారు సీటు మాత్రం తేవద్దు. ఏఎస్/ఎన్‌జెడ్‌ఎస్ అనే ఇక్కడి భద్రతా ప్రమాణం ముద్ర లేనిది రోడ్డు మీద చెల్లదు.

హైదరాబాద్‌కి సముద్రం లేదు కాబట్టి మీ పెట్టెలు చెన్నైకో ముంబై దగ్గరి నవ షేవా రేవుకో రోడ్డు మీదో రైల్లోనో వెళ్ళి, చాలాసార్లు కొలంబోలోనో సింగపూర్‌లోనో ఓడ మారి వస్తాయి. ఇంటి నుంచి ఇంటికి రెండు మూడు నెలలు పట్టొచ్చని అనుకోండి. మీరు ముందు వచ్చి అడ్రసు, ఫోను నంబరు స్థిరపడ్డాక సామాను దిగేలా చూసుకోండి. ముందే దిగి గోడౌన్‌లో కూర్చుంటే ఉచిత రోజులు గడిచాక స్టోరేజ్ మీటరు తిరుగుతూనే ఉంటుంది.

ధర మాట్లాడేటప్పుడు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: మెల్‌బోర్న్‌లో నేను ఇంకా ఏమేం కట్టాలి? తక్కువ కొటేషన్ ఇచ్చేవాళ్ళు చాలామంది పోర్టు దాకా లెక్కే చెప్తారు. ఓడ దిగాక టెర్మినల్ ఛార్జీలు, డిపోలో కంటైనర్ విప్పే ఖర్చు, డెలివరీ ఆర్డర్ ఫీజు, బయోసెక్యూరిటీ ఇన్‌స్పెక్షన్, మూడో అంతస్తుకి మోయించే కూలి, ఇవన్నీ మీ నెత్తిన పడతాయి. చిన్న లోడ్లకి ఈ ఛార్జీలు ఓడ కిరాయిని మించిపోవడం మామూలే. ఇన్‌స్పెక్షన్ ఫీజు, ప్రభుత్వ రుసుములు తప్ప మిగతావన్నీ కొటేషన్‌లో ఉన్నాయని కాగితం మీద రాయించుకోండి. ఫోన్‌లో చెప్పిన మాట ఇక్కడి డిపోలో ఎవరికీ పట్టదు. మీ సామాను వాళ్ళ చేతిలో ఉన్నాక బేరమాడే శక్తి మీకుండదు. ఫిడి అనే అంతర్జాతీయ మూవర్స్ సంఘంలో సభ్యత్వం ఉన్న మూవర్స్ కొంచెం ఎక్కువ అడుగుతారు గానీ ఇక్కడ వాళ్ళ తరఫున మాట్లాడే ఏజెంటు ఎవరో ముందే చెప్తారు.

ఇన్సూరెన్స్ వదిలేయకండి. పగిలినా పగలకపోయినా నాకేంటి, పాత గిన్నెలే కదా అనుకోవచ్చు. కానీ జనరల్ యావరేజ్ అనే పాత సముద్ర నియమం ఒకటుంది. ఓడకి పెద్ద ప్రమాదం వచ్చి దాన్ని కాపాడటానికి ఖర్చయితే, ఆ ఖర్చులో సామాను పంపిన ప్రతివాడికీ వాటా పడుతుంది, వాళ్ళ సామానుకి ఏమీ కాకపోయినా సరే. 2021 మార్చిలో సూయెజ్ కాలువలో ఎవర్ గివెన్ ఓడ అడ్డం పడినప్పుడు దాని యజమానులు ఇదే ప్రకటించారు. ఇన్సూరెన్స్ ఉంటే ఆ కంపెనీ చూసుకుంటుంది, లేకపోతే డిపాజిట్ కట్టేదాకా మీ పెట్టె మీకు రాదు. ఇంకోటి, మీరే సర్దిన పెట్టెలో వస్తువు పగిలితే చాలా పాలసీలు ఇవ్వవు. గాజు సామాను మూవర్స్‌తోనే ప్యాక్ చేయించండి, మీరు పక్కన కూర్చుని రాసుకుంటూ ఉండండి.

అక్కడ ఇండియా వైపు చూసుకోవాల్సినవి రెండు. తాతల నాటి పంచలోహ విగ్రహాలు, పాత చెక్కడాలు నూరేళ్ళు దాటి ఉంటే, తాళపత్రాలు, చేతిరాత ప్రతులు 75 ఏళ్ళు దాటి ఉంటే, 1972 నాటి పురావస్తు చట్టం కింద దేశం దాటించడం కుదరదు. పాతవిలా కనిపించే కొత్తవైతే పురావస్తు శాఖ నుంచి అది పురావస్తువు కాదనే సర్టిఫికెట్ తీసుకోండి, లేకపోతే పోర్టులోనే ఆపుతారు. బంగారం కంటైనర్‌లో అస్సలు వద్దు. వేసుకుని వచ్చే నగలకి శంషాబాద్‌లో బయల్దేరేటప్పుడు కస్టమ్స్ దగ్గర ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ చేయించుకుంటే, రేపు ఏ పెళ్ళికో తిరిగి వెళ్ళినప్పుడు అవి కొత్తగా తెచ్చినవి కావని చెప్పడానికి పనికొస్తుంది. దాని కోసం ఎయిర్‌పోర్టుకి తొందరగా వెళ్ళాలి, వస్తువుల బరువులు, ఫొటోలు, బిల్లులు దగ్గర పెట్టుకోవాలి.

అత్తగారి బీపీ, షుగర్ మందులు సామానులో సర్దకండి. డాక్టర్ చీటీతో మూడు నెలలకి సరిపడా చేతి సామానులో, వాటి సొంత ప్యాకింగ్‌లోనే తెచ్చుకోవచ్చు.

మిగిలింది మీ పూజ మందిరం. ఫొటోలో టేకులాగా ఉంది గానీ తలుపుల రంగు చూస్తే రోజ్‌వుడ్ ఏమోనని అనుమానం. రోజ్‌వుడ్, ఎర్రచందనం అరుదైన జీవుల, మొక్కల వ్యాపారాన్ని అదుపు చేసే సైటీస్ అనే అంతర్జాతీయ ఒప్పందం కింద వస్తాయి, ఎర్రచందనమైతే ఆ ఆలోచనే వద్దు. చేసిన వడ్రంగి దగ్గర కర్ర ఏమిటో కనుక్కుని రాయండి. వెనక పలక, అడుగు భాగం ఫొటోలు కూడా పెట్టండి, పురుగు రంధ్రాలు ఉన్నాయో లేదో చూసి చెప్తాను. మూవర్స్‌తో సంతకం చేసేది ఆ తర్వాతే పెట్టుకోండి.